మూడో అంతస్తు బకెట్‌లో వెచ్చటి ఇసుక

“ఇప్పుడన్నా నన్ను నమ్మినావా, లచ్చుమక్కా?” అని అడిగింది మునిరత్నమ్మ, ఎద్దులబండి మీద సామాను మధ్య కూర్చుని.

“ఇసుకను నమ్మినాను. నిన్ను ఇంకా చూస్తా ఉండాను,” అన్నాను.

ఆమె పగలబడి నవ్వింది. బండి వేప్పనపల్లి దారి పట్టింది. మా ఇద్దరి మధ్య అవే చివరి మాటలు.

ఇది చైనా యుద్ధం జరిగిన మరుసటి ఏటి సంగతి. అరవై మూడు అని రాస్తానంటోంది మా చెల్లెలి మనవరాలు సుజాత. నాకు సంతకం వరకే వచ్చు, అందుకని నేను చెబుతుంటే తను రాస్తోంది. అప్పట్లో మత్తిగిరిలో మూడంతస్తుల మేడ ఒకటి ఉండేది. ఇప్పటి పిల్లలకు మూడంతస్తులంటే నవ్వులాట. ఆ రోజుల్లో హోసూరు సంతకు వచ్చినవాళ్ళు పనిగట్టుకుని వచ్చి, తలెత్తి చూసి పోయేవాళ్ళు. అంతస్తుకు నాలుగు సంసారాలు. పై రెండు అంతస్తులకు చెక్క నేల. ఎక్కడానికీ దిగడానికీ ఒకటే చెక్క మెట్లదారి.

ఆ మేడకు నా మొగుడు వాచ్‌మన్. జ్వరం వచ్చి ఆయన పోయాక ఆ పని నాకిచ్చారు. పనిలో ముఖ్యమైనది రౌండ్. అంటే కింది నుంచి పైదాకా తిరిగి, పొయ్యిలు ఆరాయా, మెట్ల మీద కట్టెలు పెట్టారా, ఫైర్ బకెట్లు నిండుగా ఉన్నాయా అని చూసి రావడం. ఫైర్ బకెట్ అంటే ఎర్ర రంగు వేసిన ఇనుప బకెట్. నిప్పు మీద చల్లడానికి దాంట్లో ఇసుక పోసి, మెట్ల పక్క గోడకు కొక్కేలకు తగిలిస్తారు. వాటిని నింపించే పని మేడ గుమాస్తా నంజప్పది.

మనుషుల్ని నమ్మడం నాకు మొదట్నుంచీ చేతకాదు. వాచ్‌మన్ పనికి అది మంచి గుణమే అనుకునేదాన్ని. ఎవరింటి ముందు కొత్త చెప్పులున్నా, ఎవరి తలుపు పగలు గడియ పెట్టి ఉన్నా నా కాళ్ళు అక్కడే ఆగిపోయేవి.

ఒకరోజు మధ్యాహ్నం రౌండ్‌లో మూడో అంతస్తు బకెట్ అంచు మీద చెయ్యి వేశాను. ఇనుము వెచ్చగా తగిలింది. ఇసుకలో వేళ్ళు పెట్టాను. అదీ వెచ్చనే. వాసన చూస్తే బొరుగుల వాసన, మరమరాలంటారే, అవి. పక్క గది మునిరత్నమ్మది. భర్త లేడు, మంచం పట్టిన అత్త ఉంది. తలుపు కొట్టాను.

“ఏమ్మా, బకెట్‌లో ఇసుక కాలతా ఉండాది?”

“ఎండ తగిలిందేమోనక్కా.”

“ఈ మూలకి ఎండ యాడ నుంచి వస్తాది?”

“ఏమో, నాకేం తెలుసు. సూర్యుణ్ణి అడుగు పో.”

మాట విసురుగానే ఉంది కానీ, ఆమె తలుపుకు అడ్డంగా నిలబడింది. లోపల పొట్టు పొయ్యి ఉందని నాకు వాసనతోనే తెలిసిపోయింది. డబ్బాలో రంపపు పొట్టు కూరి వెలిగిస్తే పూట పూటంతా నిలకడగా మండే పొయ్యి అది. బొరుగులు వేయించాలంటే సన్నటి ఇసుక బాగా కాలాలి. వేయించిన ఇసుకను దాచే చోటు లేక ఈ తల్లి అందరి కళ్ళ ముందే బకెట్‌లో పోస్తోంది. చెక్క నేల మీద వ్యాపారపు పొయ్యి పెట్టకూడదని మేడ కట్టడి. బయటపడితే ఆమె అత్తను మోసుకుని వీధిన పడాలి. నేను చెప్పకుండా దాచాక రేపు నిప్పంటుకుంటే నా ఉద్యోగం పోతుంది, ఇంకా ఎవరి ప్రాణం పోతుందో.

“సాక్ష్యం దొరకనీ, అప్పుడు చెప్తా నీ సంగతి,” అన్నాను.

“ఎంతసేపూ నా బకెట్టేనా నీ కంటికి కనపడేది? కిందివి కూడా చూడక్కా,” అంది.

దొంగ నా చూపు మళ్ళించాలని చూస్తోంది అనుకున్నాను. ఆ రోజు నుంచి ప్రతి రౌండ్‌లోనూ ఆమె బకెట్‌లోనే చెయ్యి పెట్టేదాన్ని. మిగతా వాటిని పైపైన చూసి దాటిపోయేదాన్ని. పైన ఇసుక కనిపించేది, అది చాలనిపించేది.

ఎండాకాలం మొదట్లో, ఒక మధ్యాహ్నం, రెండో అంతస్తులో టైలర్ ఇంటి పంపు స్టవ్వు భగ్గుమంది. అతని భార్య భయపడి స్టవ్వును మెట్ల దగ్గరికి తన్నేసింది. కిరసనాయిలు ఒలికి, మూడో అంతస్తుకు ఎక్కే మెట్ల మొదట్లోనే మంట లేచింది. కింది రెండు అంతస్తుల వాళ్ళు పరుగెత్తి దిగిపోయారు. పైనున్నవాళ్ళకు దారి లేదు.

రెండో అంతస్తు బకెట్ తీశాను. అంత సులువుగా కొక్కెం నుంచి వచ్చిందేమా అని ఒక్క క్షణం అనుమానం తగిలింది. ఆలోచించే తీరిక లేక కుమ్మరించాను. పైనున్న పిడికెడు ఇసుక రాలింది. దాని వెనక రంపపు పొట్టు. మంట బుస్సుమని నా తలమీదికి లేచింది. కిందికి దిగి ఇంకో బకెట్ తెచ్చి చెయ్యి పెట్టాను. దాంట్లోనూ పొట్టే.

“మునిరత్నా! నీ ఇసుక!” అని అరిచాను.

అప్పటికే ఆమె పైమెట్టు మీద ఉంది. రెండు చేతులా బకెట్ ఎత్తలేక ఎత్తి, మంట మీద కుమ్మరించింది. ఇంట్లో వేయిస్తున్న మూకుడు ఇసుక కూడా తెచ్చి పోసింది. మంట నడుం విరిగినట్లు కూలబడింది. మిగిలిన దాన్ని నేను తడి గోనెతో కొట్టాను. ఆ ఇసుక మీద అడుగులేసుకుంటూ పైవాళ్ళందరూ దిగారు. అత్తను జంపఖానాలో వేసి, తలవైపు నేను, కాళ్ళవైపు మునిరత్నమ్మ పట్టుకుని దించాం. దాన్ని ఎవాక్యుయేషన్ అంటారట, ప్రమాదం నుంచి జనాన్ని బయటికి తేవడం. సుజాత చెబుతోంది. ముసలామె మాత్రం దారి పొడుగునా “నా తాంబూలం పెట్టి! నా పెట్టి!” అని మమ్మల్ని తిడుతూనే ఉంది.

సాయంత్రం మేడ సొంతదారు వచ్చాడు. నంజప్ప వెంటనే మునిరత్నమ్మ వైపు వేలు చూపించాడు.

“ఈమె దొంగ పొయ్యి వల్లనే సామీ ఇదంతా.”

“స్టవ్వు టైలర్‌ది. పొట్టు ఎవరిది నంజప్పన్నా?” అన్నాను.

అతను సొంతదారు వైపు తిరిగాడు. “ఇసుక బరువుకి కొక్కేలు ఊడి గోడ సున్నం రాలతా ఉండాదని మీరే కదా సామీ తిట్టినారు. అందుకే అడుగున పొట్టేసి తేలిక చేసినాను,” అన్నాడు. అది నిజమే కావచ్చు. నేనైతే ఈ రోజుకీ పూర్తిగా నమ్మను.

“మరి ఈ ఒక్క బకెట్‌లో ఇసుక ఎలా వచ్చింది?” అని సొంతదారు అడిగాడు.

మునిరత్నమ్మ తల దించలేదు. “దీంట్లోనూ పొట్టే ఉండె సామీ. దాన్ని తీసి నా పొయ్యిలో వేసుకున్నాను. మా ఊరి ఏటి ఇసుక జల్లించి తెచ్చి బకెట్ నింపినాను. అవును సామీ, బొరుగులు వేయించినాను.”

“ఆమె ఇసుక లేకపోతే పైవాళ్ళు దిగేవాళ్ళు కాదు,” అన్నాను నేను.

“ఇసుక మంచిదేనమ్మా. పొయ్యి మంచిది కాదు,” అన్నాడాయన. నంజప్పను పనిలోంచి తీసేశాడు. మునిరత్నమ్మను ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ఆయన మాట తప్పని నేను అనలేకపోయాను. ఒప్పని కూడా అనలేదు. ఆమెకు బండి మాట్లాడింది నేనే.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు వాచ్‌మన్ పని చేశాను. రౌండ్‌కు వెళితే ప్రతి బకెట్‌లోనూ మోచేతి దాకా చెయ్యి దింపేదాన్ని. నాకు నచ్చిన వాళ్ళ గుమ్మం ముందున్న బకెట్‌లో ఇంకాస్త లోతుగా. నా అనుమానంలో తప్పు లేదు. దాన్నంతా ఒకే బకెట్‌లో పోయడమే తప్పని నాకు తెలిసొచ్చింది.

సుజాతా, రాయడం అయిందా? ఏదీ, చదువు. నీ సొంత మాటలేమైనా కలిపినావేమో చూడాల. పైపైన కాదే, అడుగుదాకా చదువు.