పైపులో జాగ

బాన్సువాడలో కిక్కిరిసిన బస్సెక్కి, బిచ్కుందలో కడుతున్న బడికి నేను గీసిన వైరింగ్ నక్షా చూసుకుంటున్నాను. నా మొదటి నక్షా, మర్నాడే ఇవ్వాలి. పక్కన కూర్చున్న పెద్దాయన దుబాయిలో ఇరవై ఏళ్లు కేబుళ్లు లాగాడట. నక్షాలో, గోడ లోపల వైర్లు పోయే ఒక పైపు మీద వేలు పెట్టాడు.

“ఏంది బిడ్డా, పైపు నిండ వైర్లే నింపినవ్? అక్కడైతే సగం గూడ నింపనియ్యరు. వేడి పోవాలె గద!”

“అన్నీ పడుతున్నాయిగా,” అన్నాను కోపంగా.

జనం మధ్య ఇరుక్కుని కదల్లేకపోతున్న కండక్టరును చూపించాడు. “రేపు ఇంకో వైరొస్తే గట్లనే అయితది.”

దిగగానే బస్టాండు బెంచీ మీదే నక్షాలో పైపులన్నీ పెద్దవి చేశాను. ఆయన పేరైనా అడగలేదు.

బడి కట్టిన కొన్నేళ్లకు, మొన్న అక్కడికి కంప్యూటర్లు వచ్చాయి. కొత్త వైర్లన్నీ పాత పైపుల్లోనే పట్టాయి. ఒక్క గోడా పగలగొట్టలేదు.