కళ్ళు గీయని ఫోటో

మా చిన్నాయన పోయారు. మొన్న తమ్ముడు ఆఫీసుకు ఫోన్ చేసి, "చిన్నాయన ఇగ లేడక్కా, దవాఖాన్లనే పానం పోయింది" అన్నాడు. ముందున్న ఫైలు మూసి అట్లాగే కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఈ రెండు మూడేళ్ళలో ఎన్ని చావులకు వెళ్ళి వచ్చానో, ఒళ్ళే కాదు మనసూ డస్సిపోయింది.

సుబేదారిలో ఆయనదో చిన్న ఫోటో స్టూడియో. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినవాళ్ళనైనా సరే, కూర్చోబెట్టి మాటల్లో పెట్టేవారు. విసుక్కుంటే, "ముఖం ఇంక రాలే, జర ఆగు" అనేవారు. ఫోటో బాగుందని పొగిడితే, "ఎలుతురు దేవునిది, నొక్కుడే నాది" అని తప్పించుకునేవారు.

ఆ రోజుల్లో మా వైపు చాలామందికి బతికుండగా ఫోటో ఉండేది కాదు. మనిషి పోయాకే ఫోటోగ్రాఫర్‌కు కబురు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీయించి, కళ్ళు తెరిచినట్టు గీయించి గోడకు పెట్టుకునేవారు. ధర్మసాగర్ వైపు ఊళ్ళకు చిన్నాయన సైకిల్ మీద వెళ్ళి అలాంటివి ఎన్నో తీశారు. ప్రింటు మీద సన్న పెన్సిల్‌తో కనుపాపలు దిద్దేవారు.

మా అమ్మ పోయినప్పుడు నేనూ అదే అడిగాను. మాకు అమ్మ ఫోటో ఒక్కటీ లేదు. ఆయన తల అడ్డంగా ఊపారు.

"వదినకు నేను గియ్య బిడ్డా. గీస్తే అవి నా పెన్సిల్ కండ్లయితయ్. రేపు నీకు గవ్వే యాదికుంటయ్."

"ఊరందరికి గీస్తివి, మా అమ్మకే నీకు చెయ్యి రాకపాయెనా?" అన్నాను. ఏడాది దాకా ఆయన గడప తొక్కలేదు. అంత మొండిదాన్ని.

ఆ ఏడాదంతా ఆయన తీరిక దొరికినప్పుడల్లా పాత నెగెటివ్‌లను వెలుతురుకు ఎత్తిపట్టి వెతికారట. చివరికి ఎవరిదో పెళ్ళి భోజనాల పంక్తి వెనక, గోరంత అమ్మ దొరికింది. పెద్దది చేసి తానే పట్టుకొచ్చారు.

"ఇందుల నాదేం లేదు బిడ్డా, అంత మీ అమ్మనే."

మసకగా, గరుకుగా ఉంది. ఆయన చేతులు పట్టుకుని ఏడ్చానే గాని, తప్పయిందనడానికి నోరు రాలేదు. "జర చాయ్ పెట్టరాదు, కాళ్ళు గుంజుతానయ్" అన్నారాయన.

మొన్న ఆయన్ను సాగనంపి వచ్చి ఆ ఫోటో ముందు కూలబడ్డాను. పంక్తిలో అందరూ విస్తళ్ళ వైపు చూస్తుంటే, అమ్మ ఒక్కతే సూటిగా కెమెరా వైపు చూసి నోరారా నవ్వుతోంది. కెమెరా వెనక నుంచి మరిది ఏదో పరాచికం ఆడి ఉంటాడు. ఏమన్నాడో ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఇద్దరూ లేరు. చేతిలోని గరిటె నుంచి పప్పు కారిపోతున్నా చూసుకోకుండా అమ్మ నవ్వుతూనే ఉంది.