రసూల్ సాబ్ మీద వేయబోయిన దావా

మా ఊరి బడిపంతులు రసూల్ సాబ్ బడి గంట కూడా ఎవరికీ నిద్ర చెడకుండా మెల్లగా కొట్టేవాడు. కోర్టు అన్న మాట వింటే ఆయనకు ఆ పూట అన్నం సహించేది కాదు. అంతటి ధైర్యవంతుడి మీద దావా వేస్తానని హనుమన్న ఎగిరాడు.

ఆ ఏడు పీర్ల పండక్కి హనుమన్న కొడుకు హుసేనప్ప నిప్పుల గుండంలో నడిచాడు. పాదం బొబ్బలెక్కినా వాడు కిక్కురుమనలేదు. పీరు మహిమ అని హనుమన్న ఊరంతా చెప్పుకు తిరిగాడు. నడిచింది తానే అయినట్టు మీసం కూడా మెలితిప్పాడు.

బడిలో రసూల్ సాబ్ ఆ పాదం చూశాడు. బొబ్బల పక్కనే పాలిపోయిన మచ్చ. కళ్లు మూసుకోమని దాని మీద పుల్లతో గుచ్చితే వాడికి తెలియనే లేదు. పంతులుకి నిద్ర పట్టలేదు. తెల్లారగానే హనుమన్న ఇంటికి పోయి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"అది మహిమ కాదప్పా. కుష్టేమోనని నా అనుమానం. ఎమ్మిగనూరు డాక్టరుకు సూపిద్దాం. ఇట్లే ఇడిస్తే కాలు పోతాది."

"మీ పీరును మీరే నమ్మకుంటే ఎట్ల సారూ? నా కొడుక్కి అంత మాటంటావా? ఆదోనికి పోయి వకీలును పెడతా. నీ ఉద్యోగం ఊడగొడతా!"

అన్నట్టే పోయాడు. వకీలు అంతా విని, రోగం లేదని డాక్టరు రాసిస్తేనే దావా నిలుస్తుందన్నాడు. గెలవాలనే తొందరలో హనుమన్న మర్నాడే కొడుకుతో ఎమ్మిగనూరు బస్సెక్కాడు. ఉన్నది ఒక్కటే బస్సు, పిల్లాడి మీద బెంగతో రసూల్ సాబ్ కూడా అందులోనే ఎక్కాడు. ఫిర్యాదీ, ముద్దాయీ దారంతా చెరో దిక్కు చూస్తూ కూర్చున్నారు. మధ్యలో హుసేనప్ప ఇద్దరి శనగలూ తిన్నాడు.

డాక్టరు చూసి, రోగం అదేనన్నాడు. "మంచి వేళకు తెచ్చినారు. మాత్రలతో నయమైతాది. కాలికి మాత్రం దెబ్బ తగలకూడదు. చెప్పుల్లేకుండా అడుగు పెట్టనీయొద్దండి."

హనుమన్న కొడుకు పాదం ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. "నిప్పుల్లోకి నేనే తోలితి సారూ," అన్నాడు. ఆ సంగతి విన్నాక, మా పంతులు మీద దావాకు పోయినందుకు అతని మీద నాకున్న కోపమంతా పోయింది.

ఆ తర్వాత బడిలో చెప్పులతో కూర్చునేది హుసేనప్ప ఒక్కడే. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు అది చూసి, "బడిలోకి చెప్పులా? ఎవడు వేసుకోమన్నాడు?" అని గద్దించాడు. గంట గట్టిగా కొట్టలేని రసూల్ సాబ్ వీధి దాకా వినబడేట్టు అన్నాడు.

"నేనే ఏసుకోమన్నాను సార్. కేసు పెట్టేదుంటే నా మీద పెట్టండి."