రండి సార్, కూర్చోండి

ఈ సాయంత్రం మా వాకిట్లోకి ఒక పోలీసాయన వచ్చి, పైవాటాలో అద్దెకున్నవాళ్ల గురించి రెండు మాటలు అడిగి వెళ్లిపోయాడు. మర్యాదగానే అడిగాడు, నేనూ గ్రిల్ వెనకే నిలబడి తెలిసినంత చెప్పాను, నిజానికి చెప్పుకోవలసినంత సంగతేమీ జరగలేదు. కానీ ఆయన మాట్లాడుతుండగా నా కుచ్చెళ్లు పట్టుకుని నిలబడ్డ మూడేళ్ల కూతురు, ఇంటికొచ్చిన అందరినీ పిలిచినట్టే, మామా లోపలికి రా అని పిలవబోయింది. గబుక్కున దాని నోరు మూశాను. ఎంత గట్టిగా మూశానో దాని ఏడుపు విన్నాక గాని నాకు తెలియలేదు. మావారి ఉద్యోగం శ్రీహరికోటలో, శనివారం గాని రారు. పిల్ల నిద్రపోయింది. గడియ వేసిందీ లేనిదీ మూడుసార్లు చూసి వచ్చి, పడుకుంటే నిద్ర రాక, లేచి ఈ కాగితాలు ముందేసుకున్నాను.

మా ఊరు పాకాల. నాయన అక్కడి రైలింజన్ల షెడ్డులో, ఇంజనుకు బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా పనిచేసేవాడు. స్టేషనుకు కూతవేటు దూరంలో, కొంచెం కొంచెంగా కట్టుకున్న మూడు గదుల సొంత ఇల్లు మాది. వంటింటికి పైకప్పు వేసేసరికి నేను రెండో తరగతిలోకి వచ్చానని అమ్మ చెప్పేది. నా వయసువాళ్లు చాలామంది అలాంటి ఇళ్లలోనే పెరిగి ఉంటారు: పగలు తలుపు మూయడమంటే ఇంట్లో ఎవరికో బాగా లేదని అర్థం. మా అవ్వకు మాత్రం ఒక పట్టుదల ఉండేది. వచ్చిన మనిషి వీధిలో నిలబడి పిలవకముందే ఇంట్లో ఆడపిల్ల ఎదురెళ్లి, లోపలికి రండి, కూర్చోండి అని చాప పరిచి, చెంబుతో నీళ్లివ్వాలి. మొగుడితో పోట్లాడి వచ్చిన మనిషైనా, పాత బట్టలకు గిన్నెలిచ్చే ఆమైనా ఇదే పద్ధతి. పిలవడం మరిచిపోతే అవ్వ ఆ రోజంతా నాతో మాట్లాడేది కాదు. అందుకని ఆలోచించే పని లేకుండా, ఎవరి చెప్పుల చప్పుడు వినిపించినా ఆ మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చేసేది.

రైల్వే సమ్మె జరిగిన ఎండాకాలం అది. నాకు పన్నెండేళ్లు. రైలుబళ్లు ఆగిపోయి మా ఊరు వింతగా నిశ్శబ్దమైపోయింది. పుట్టినప్పటినుంచి ఇంజను కూతలకు అలవాటుపడ్డ మాకు ఆ నిశ్శబ్దం ఒక జబ్బులాగా అనిపించేది. షెడ్డు మనుషులను పోలీసులు పట్టుకుపోతున్నారని తెలిసి నాయన ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. ఎక్కడికో అమ్మకు కూడా చెప్పలేదు, చెబితే అమ్మ అబద్ధం ఆడవలసి వస్తుందని. అవ్వ మా అత్త కాన్పుకని చిత్తూరులో ఉంది. ఇంట్లో అమ్మ, నేను, చిన్నాయన. చిన్నాయనకు రైల్వేతో ఏ సంబంధమూ లేదు. టీచరు ట్రైనింగు పూర్తిచేసి, ఉద్యోగం ఆర్డరు కోసం రోజూ పోస్టాఫీసు దాకా నడిచి వెళ్లి అడిగి వచ్చేవాడు. పోలీసులు వచ్చేనాటికి మాత్రం రెండు రోజులుగా జ్వరంతో వెనక గదిలో పడుకుని ఉన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం నేను వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాను, అమ్మ దొడ్లో బట్టలు ఉతుకుతోంది. బూట్ల చప్పుడు వినిపించి తలెత్తితే ఒక ఎస్సై, ఆయన వెనక నలుగురు కానిస్టేబుళ్లు. వాళ్లు ఇంకా మెట్టు మీదే ఉన్నారు. నేను లేచి, చేతులు లంగాకు తుడుచుకుని, రండి సార్, కూర్చోండి అన్నాను. ఎస్సై వెనక్కి తిరిగి నవ్వాడు.

“సూడండప్పా, పాప పిలస్తా ఉండాది. పిలిచినాక పోకుంటే ఏం బాగుంటాది?”

బూట్లతోనే లోపలికొచ్చారు. నేను చాప పరిచి, అమ్మను కేకేస్తూ నీళ్ల కోసం పరుగెత్తాను. నా కేకకు అమ్మ తడి చేతులతో వచ్చింది. అప్పటికే వాళ్లు నట్టింట్లో ఉండటం చూసి, ఇక ఏమనాలో తోచక, ఇంటికొచ్చిన మనుషులకు చేసేదే చేసింది, మజ్జిగ కలిపి ఇచ్చింది. వాళ్లు తాగారు. తాగుతూనే ఒకతను రాగుల తొట్టి వంచి చూశాడు, ఇంకొకతను ట్రంకుపెట్టె తెరిచి అమ్మ చీరలు నేలమీద పడేశాడు. నాయన ఎక్కడికి పోయాడో తనకు తెలియదని అమ్మ చెబుతూనే ఉంది. ఆ అలికిడికి చిన్నాయన నుదుటిమీద తడిగుడ్డతో గోడ పట్టుకుని బయటికొచ్చి, మా అన్న ఇంట్లో లేడు సార్ అన్నాడు.

“అన్న లేకుంటే తమ్ముడుండాడు గదప్పా,” అన్నాడు ఎస్సై, ఖాళీ గ్లాసు కింద పెడుతూ. “ఆయప్ప వచ్చేదాకా నువ్వు మాతో ఉందువులే.”

“జొరం మనిషి సార్, నిలబడేదానికే శాత కాలేదు,” అంది అమ్మ. ఆమె అడగగలిగింది అంతే. చొక్కా వేసుకోనిచ్చారు, చెప్పులు వేసుకోనివ్వలేదు.

అక్కడినుంచి వాళ్లు పక్కింటికి వెళ్లారు. ఆ ఇల్లు మిషన్ బడిలో చదువు చెప్పే టీచరమ్మది. ఆమె భర్తదీ నాయన ఉద్యోగమే, ఆయనా ఇంట్లో లేడు. పొట్టి మనిషి ఆమె. రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి, గడపకు ఇవతల ఒక్క అడుగు కూడా పెట్టకుండా నిలబడింది. మా మెట్టు మీదినుంచి అంతా విన్నాను.

“వారంటు కాగితం ఉంటే ఇయ్యండి సార్, సదువుకుంటాను.”

“కాగితం కావాల్నా? గవర్మెంటుకే ఎదురు తిరగతావా?”

“ఎదురెందుకు సార్. వీధిలో ఇద్దురు పెద్దమనుషుల్ని పిలిపించండి, ఏం ఎతకతా ఉండారో రాసియ్యండి, నేనే దోవ ఇస్తాను. ఆడమనిషిని ఒక్కదాన్నే ఉండాను, ఊరికే రమ్మంటే యాడ రమ్మనేది?”

ఎస్సై రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఒక కానిస్టేబులు ఆమెను పక్కకు జరపడానికన్నట్టు అడుగేసి, ఆయన మొహం చూసి ఆగిపోయాడు. కాసేపటికి, సరే, మళ్లీ వస్తాం అని వెళ్లిపోయారు, మా చిన్నాయనను మధ్యలో నడిపించుకుంటూ. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా టీచరమ్మ చేతులు దించలేదు. ఆ తరువాతే గడపమీద కూర్చుంది.

మరుసటి రోజు అమ్మ నన్ను వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకు వెళ్లి, తప్పేమీ చేయనివాణ్ణి ఎందుకు తెచ్చారని అడిగింది. మేం దౌర్జన్యంగా రాలేదమ్మా, మీ పాపే పిలిచింది, మీరే మజ్జిగ ఇస్తిరి అని అదే ఎస్సై నెమ్మదిగా చెప్పాడు. అమ్మ నా చేయి పట్టుకుని తిరిగి వచ్చేసింది. నాలుగో రోజున నాయన తనంతట తానే వచ్చి లొంగిపోతే చిన్నాయనను వదిలేశారు. నాయన ఉద్యోగం కొన్నాళ్లకు మళ్లీ దొరికింది. చిన్నాయన ఆర్డరు మాత్రం రాలేదు. ఉద్యోగంలో చేర్చుకునే ముందు చేసే విచారణలో, స్టేషనులో ఉంచిన మనిషని రాసి పంపారట. రెండేళ్లు తిరిగి తిరిగి, చివరికి చిత్తూరులో సైకిళ్ల షాపు పెట్టుకున్నాడు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు, హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి, వాళ్ల అన్న చదివే న్యాయశాస్త్రం పుస్తకం ఒకటి తెచ్చుకుంది. పరీక్షలు దగ్గరపడుతున్నా నా పుస్తకాలు పక్కనపెట్టి దాన్ని చదివాను. చట్టం నేననుకున్నంత తేలికగా లేదు. కొన్ని నేరాలకు కాగితం లేకుండానే పోలీసులు ఇంట్లోకి రావచ్చునట. కానీ అప్పుడు కూడా కారణం రాయాలి, వీధిలో నమ్మకమైన ఇద్దరిని సాక్షులుగా పిలవాలి, లోపలున్న ఆడవాళ్లు పక్కకు వెళ్లడానికి వ్యవధి ఇవ్వాలి. టీచరమ్మకు ఇదంతా ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. అన్నకు బదులు తమ్ముణ్ణి తీసుకుపోవచ్చని మాత్రం ఏ పేజీలోనూ లేదు. ఆ పేజీలన్నీ రెండుసార్లు వెతికాను.

కిందటి ఏడు చిత్తూరు వెళ్లినప్పుడు, షాపులో ఎవరూ లేని సమయం చూసి చిన్నాయనకు చెప్పాను, వాళ్లను ఆ రోజు లోపలికి పిలిచింది నేనేనని. ఆయన చక్రంలో పుల్ల బిగిస్తూ తలెత్తకుండానే అన్నాడు:

“నువ్వు పిలవకుంటే వాళ్లు రాకుండా పోతారనుకొంటివా, పిచ్చిదానా?”

నన్ను తేలికపరచడానికే అన్నాడు, నాకు తెలుసు. కానీ ఆ మాట అప్పటినుంచి నన్ను నిలవనీయడం లేదు. అది నిజమైతే నా తప్పేమీ లేదు. అయితే పక్కింటి గుమ్మంలో చేతులు చాచి నిలబడ్డ ఆ పొట్టి మనిషి కూడా ఊరికే నిలబడ్డట్టే కదా. ఇప్పుడు మా వీధిలో అన్ని ఇళ్లకూ ఇనుప గ్రిల్‌లు వచ్చాయి, పాలవాడు కూడా బయటినుంచే చేయి చాస్తాడు, ఒకరింట్లో చాప ఏ రంగుదో ఇంకొకరికి తెలియదు. జాగ్రత్త నేర్చుకున్నాం, మంచిదే. ఎవరొచ్చినా ఎదురెళ్లి పిలిచే ఆ నోరు మాత్రం పోయింది. చిన్నాయన మాట నమ్మి నిద్రపోవచ్చు. నేను నమ్మను. తప్పు నాదేనని ఒప్పుకుంటాను, టీచరమ్మ నిలబడింది వృథా కాలేదని చెప్పుకోవడానికైనా. ఆ రోజు పిలవడం నా చేతిలోనే ఉండిందంటే, పిలవకపోవడమూ నా చేతిలోనే ఉండిందన్నమాట.