నా చేతిలో ఊడిన పాలపన్ను

2012లో నన్ను నందికొట్కూరు దగ్గరి ఒక పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. అప్పటికి ఎన్నో ఏళ్లుగా అదే హోదా. మా శాఖలో ప్రమోషను రావడం కన్నా గొడ్డుబర్రె చూలు కట్టడం సులభమని మాలో మేము నవ్వుకునేవాళ్లం. అయినా ఉద్యోగం మీద నాకు విసుగు పుట్టలేదు. పొద్దున్నే పేడ వాసన తగిలితే గానీ ఒంట్లో చురుకు పుట్టని మనిషిని నేను.

ఆ వేసవిలో, ఈస్టరు మరుసటి రోజు, పక్క ఊళ్లో చర్చి సంఘం వాళ్లు ఎద్దులకు బండలాగుడు పందేలు పెట్టారు. పళ్ల పరీక్షకు వెళ్లమని మా అసిస్టెంట్ డైరెక్టరు నన్ను పురమాయించారు. ఎప్పుడూ వెళ్లే డాక్టరు సెలవులో ఉన్నారు. ఆడమనిషి వెళ్తే బాగుంటుందో లేదో అని ఆయన నసుగుతుండగానే నేను జీపెక్కేశాను. పందేలను దగ్గర్నుంచి చూడాలని చిన్నప్పట్నుంచీ కోరిక. మా రాయచోటి వైపు ఆడపిల్లలను దూరంగా గట్టు మీద నిలబెట్టేవారు.

ఈ పరీక్ష ఎందుకో తెలియనివారికి ఒక మాట. పశువుకు పైదవడలో ముందుపళ్లుండవు, గట్టి చిగురే ఉంటుంది. కింద మాత్రం ఎనిమిది. అవన్నీ పాలపళ్లే అయితే ఆ కోడె పాలపళ్ల విభాగంలో, అన్నిటికన్నా చిన్నబండను లాగుతుంది. రెండేళ్లు దాటాక నడిమి పాలపళ్లు రాలి, వెడల్పాటి కొత్తపళ్లు వస్తాయి. వాటిలో ఒక్కటి చిగురు చీల్చుకొచ్చినా రెండు పళ్ల విభాగమే. అందులో బండ పెద్దది, పోటీకొచ్చే కోడెలూ పెద్దవి. పుట్టినతేదీ కాగితాలు ఎడ్లకుండవు కాబట్టి డాక్టరు చూసి చెప్పిందే లెక్క.

ఆ రోజు చివరగా వచ్చిన జత ఏసోబుది. ఆ చుట్టుపక్కల ఏసోబును ఎరగనివారు లేరు. చిన్నప్పట్నుంచీ నారాయణరెడ్డి లాంటి ఆసాముల దగ్గర జీతానికుండి, వాళ్ల ఎద్దులను మేపి, పందేల్లో తోలి గెలిపించినవాడు. ఆ కప్పులన్నీ ఆసాముల ఇళ్లలో ఉన్నాయి. పందెంలో మైకులో మోగేది యజమాని పేరు, తోలేవాడిది కాదు. ఏసోబూ, అతని భార్య శాంతమ్మా కూలి డబ్బు కూడబెట్టి రెండు దూడలను కొని, కోడెలను చేశారు. వాటికి పేతురు, పౌలు అని పేర్లు పెడితే, బైబిల్లోని పేర్లు పశువులకా అని పాస్టరయ్య నొచ్చుకున్నాడట. అందుకని నలుగురిలో పెద్దోడు, చిన్నోడు అనేవారు. సొంత జతతో ఏసోబు బరిలోకి దిగడం అదే మొదలు.

పెద్దోడి నోరు చూశాను, అన్నీ పాలపళ్లే. చిన్నోడి దవడ పట్టుకుని పెదవి కిందికి లాగి, నడిమి పన్ను మీద వేలు ఆనించాను. అంతే, అది ఊడి నా చేతిలోకి వచ్చింది.

మైకు పట్టుకున్న వ్యాఖ్యాత అప్పటిదాకా ఎండ గురించి చెబుతున్నాడు. వెంటనే గొంతు మార్చి, "డాక్టరమ్మ పన్ను పీకేసినాదప్పా!" అని ఊరంతటికీ చాటాడు. జనం ఒక్కసారిగా మా మీదికి వచ్చారు. పీకిందే గానీ ఊడింది కాదు కాబట్టి పన్ను ఉన్నట్టే లెక్క అని కొందరు, పీకినా ఊడినా నోట్లో లేనిది లేనిదేనని మైదుకూరు వైపు నుంచి లారీలో కోడెలను తెచ్చినవాళ్లు. కోర్టులో కూడా అంత వాదన జరగదేమో. చిన్నోడు మాత్రం నా చీరకొంగు నములుతూ నిలబడ్డాడు.

సంఘ పెద్ద ఒకాయన నా చెవి దగ్గరికొచ్చి, "మనూరోడమ్మా, సూసీసూడనట్లు పో" అన్నాడు. నేను కొంగు విడిపించుకుని, పన్ను ఊడిన చోట వేలితో తడిమాను. మెత్తని చిగురు నడుమ నూకగింజ మొనంత గట్టిగా తగిలింది. కొత్తపన్ను. ఏసోబు నా ముఖాన్నే చూస్తున్నాడు. నా మనసు చివుక్కుమంది. అయినా పరీక్ష పరీక్షే. "రెండు పళ్లు" అని చెప్పాను. లారీవాళ్లు ఈలలు వేశారు. ఏసోబు పలుపు చేతికి చుట్టుకుని వెనక్కి తిరిగాడు.

ఏడుస్తుందనుకున్న శాంతమ్మ చిన్నోడి మీద విరుచుకుపడింది.

"ఈ పన్ను ఊడకూడదని నెల దినాలుగా నీకు గట్టిమేత పెట్టకుండ ఉలవలు ఉడకబెట్టి, సద్దపిండి నానబెట్టి మెత్తగ పెడతాండా గదరా! పందెం పొద్దే ఊడల్లనా నీకు?"

పాలపన్ను కదులుతోందని ఆ దంపతులకు ముందే తెలుసన్నమాట. జొన్నచొప్ప నమిలితే రాలిపోతుందని భయపడి, ఒక్కదానికే పెడితే రెండోది అలుగుతుందని రెండింటికీ బాలింతలకు పెట్టినట్టు పెట్టారు. మేత మెత్తగా ఉన్నంత మాత్రాన కింది నుంచి తోసుకొచ్చే పన్ను ఆగదు. చదువులో అది మొదటి పాఠం. కానీ ఆ కోడెల మెడలూ మూపురాలూ చూశాక పాఠం చెప్పబుద్ధి కాలేదు. అంత నిగనిగలాడే జత ఆ బరిలో ఇంకొకటి లేదు.

శాంతమ్మ నా చేతిలోంచి పన్ను లాక్కుంది. పిల్లలకు పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి ఇంటిమీదికి విసురుతాం కదా. ఆమె అక్కడికక్కడే ఇంత పేడ తీసుకుని అందులో పన్ను అదిమి, సంఘ పెద్దలు కూర్చున్న షామియానా మీదికి బలంగా విసిరింది. పెద్దలు కుర్చీలు వదిలి లేచారు. జనం విరగబడి నవ్వారు, అందరికన్నా ఎక్కువ నేనే. తర్వాత ఆమె మొగుడి వైపు తిరిగింది.

"యాడికి పోతాండావు? రెండు పండ్లలో కట్టు."

"అవి మనవాటి కన్నా శానా పెద్దవి కదమ్మే" అన్నాడు ఏసోబు.

"బండ లాగేది పండ్లతోనా, మెడతోనా?"

ఏసోబు చేతికి చుట్టుకున్న పలుపు విప్పి, కోడెలను మళ్లీ నా ముందుకు తోలుకొచ్చాడు. నేను ఆ జతకు జ్వరం, నాడి చూసి, పెద్దబండకు తట్టుకుంటాయని నమ్మకం కుదిరాకే సంతకం పెట్టాను.

మధ్యాహ్నం రెండు పళ్ల విభాగం మొదలైంది. ఏసోబు వంతు వచ్చింది. వ్యాఖ్యాత ఏళ్ల తరబడి అలవాటైన నోటితో, "ఇప్పుడు బరిలోకి వస్తాండేవి నారాయణరెడ్డి గారి కోడెలు" అన్నాడు. ఏసోబు అదేమీ వినలేదు. కాడి సరిచేస్తున్నాడు. శాంతమ్మ విన్నది. కొంగు నడుముకు దోపి వేదిక ఎక్కి, వ్యాఖ్యాత చేతిలోని మైకు అందుకుంది. ఆ మైకు అంత గట్టిగా అరుస్తుందని ఆమెకు తెలియదు. తన గొంతుకు తనే ఉలిక్కిపడి, మళ్లీ కూడదీసుకుంది.

"ఈ కోడెలు ఏసోబువి. మేపింది మేము, కొనింది మేము. పేరు సక్కగ జెప్పప్పా."

ముందుగా చప్పట్లు కొట్టింది ముందువరసలో కూర్చున్న నారాయణరెడ్డే. వ్యాఖ్యాత నాలుక కరుచుకుని, అపరాధం చెల్లించుకుంటున్నట్టు, బరి చివర కోడెలు వెనుదిరిగిన ప్రతిసారీ "ఏసోబు గారి కోడెలప్పా, ఏసోబు గారివి!" అని అరవసాగాడు. 'గారు' చెవిన పడేసరికి ఏసోబు ఒక్క క్షణం ఆగి వేదిక వైపు చూశాడు. కోడెలు మాత్రం ఆగలేదు. మెడలు వంచి బండను ఈడ్చుకుపోయాయి. నేను గెజిటెడ్ ఆఫీసరునన్న సంగతి మరిచి, థర్మామీటరు చేత్తో పట్టుకుని, గట్టు వెంట కేకలు వేస్తూ పరుగెత్తాను. మరునాటి పేపరు జిల్లా పేజీలో నా ఫోటో పడింది. "ఎడ్ల పళ్లు చూడమని పంపితే నీ పళ్లన్నీ చూపించినావేమమ్మా?" అని మా జాయింట్ డైరెక్టరు ఫోన్లో నవ్వారు.

ఏసోబు జతకు మూడో స్థానం వచ్చింది. కప్పు చిన్నదే. దాన్ని తీసుకోవడానికి రమ్మని పేరు పిలిస్తే, ఏసోబు అలవాటు కొద్దీ నారాయణరెడ్డి వైపు చూశాడు. రెడ్డి కుర్చీలోంచి కదల్లేదు. "నన్నేంటికి సూస్తావు? పిలిచింది నిన్ను. పో" అన్నాడు.

వైద్యశాలకు పశువును తోలుకొచ్చేవాడు ఒకడు, సొంతదారు మరొకడు కావడం మామూలే. ఆ పందెం తర్వాత, రిటైరయ్యేదాకా, జబ్బేమిటని అడగకముందే ఇది ఎవరిదని అడగడం అలవాటు చేసుకున్నాను. వాళ్లు 'మాదే' అంటే సొంతదారు పేరు తెలిసేది. 'మాది కాదులేమ్మా' అంటూనే చెయ్యి పశువు మెడ మీంచి తీయకపోతే, మందు ఎవరికి వివరించాలో తెలిసేది.