డాక్టరమ్మ అరచేయి

తెలంగాణ వచ్చిన కొత్తలో మా నారాయణపేట పశువుల దవాఖానకు ఒక డాక్టరమ్మ వచ్చింది. కుక్కను ముట్టుకునే ముందు, అది కూర్చున్న నేలను అరచేత్తో తడిమి చూడడం ఆమెకు అలవాటు.

నా మగ్గం గుంతలో పడుకునే ఆడకుక్కపిల్ల ఎక్కడ పడుకున్నా అక్కడ తడి చేసేది. నేస్తున్న చీర పాడవుతుందని మా ఇంటామె రోజూ దాన్ని కొట్టేది. "గీ కుక్కనన్న ఉండాలె, నీ మగ్గమన్న ఉండాలె. అమ్రాబాద్ అడవిల ఇడిసిపెట్టి రా" అంది. అంతకుముందు ఒక్కసారి చూపిద్దామని దవాఖానకు తీసుకుపోయాం.

డాక్టరమ్మ నేల తడిమింది. "దాన్ని కొట్టకు అమ్మా. అది కావాలని పోస్తలేదు, దానంతటదే కారుతాంది. కిడ్నీ నుంచి వచ్చే గొట్టం మూత్రసంచిల కలవాలె. దీనికి పుట్టుకతోనే సంచి దాటి కింద కలిసింది. కోసి, సంచిలకు మలిపి కుడతా."

"బతుకుతదా బిడ్డా?" అంది మా ఇంటామె, గొంతు తగ్గించి.

ఆపరేషన్ అయ్యేదాకా కుక్క కాళ్లు నేనే పట్టుకున్నానని, కత్తెర కూడా నేనే అందించానని బజారంతా చెప్పుకున్నాను. నిజానికి కత్తెర కనబడగానే ఛాయ్ హోటల్‌కు ఉరికాను. మత్తు ఎక్కేదాకా దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది మా ఇంటామే.

కుట్లు మానాక డాక్టరమ్మ మా ఇంటికొచ్చింది. నన్ను పలకరించకుండానే వంగి, మగ్గం గుంతలో కుక్క పడుకునే గోనెసంచిని తడిమింది.

"ఏమాయె బిడ్డా?" అంది మా ఇంటామె.

డాక్టరమ్మ తెల్లకోటుతోనే ఆ గోనెసంచి మీద కూర్చుంది.

"అమ్మా, జర ఛాయ్ పెట్టు."