వేంపల్లె అవతల పన్నెండేళ్లుగా చెదరని తారుబాట

పోయిన నెలలో కర్నూలులో ఒక సన్మానం జరిగింది. ముప్పై ఏళ్లు రోడ్ల ఇంజనీరుగా పనిచేసి పింఛను పుచ్చుకుంటున్న ఒక పెద్దమనిషికి శాలువా కప్పి, ఆయన రాసిన వ్యాసాలు అచ్చువేసి పంచారు. నన్ను పిలవలేదు. పుస్తకం మాత్రం ఎవరో దయతలచి ఇంటికి పంపారు. అందులో ఒకచోట నా పేరు లేకుండా నా ప్రస్తావన ఉంది. నల్లరేగడి మీద తారు నిలవదని తాను ఎంత చెప్పినా వినక ఒక ఓవర్సీరు కడప జిల్లాలో ఒక గుట్టకు తారుతో కాలిబాట వేశాడనీ, ఈపాటికి దాన్ని రేగడి మింగేసి ఉంటుందనీ రాశాడు. మింగేసి ఉంటుందట. వెళ్లి చూడలేదు. ఆ రోజుల్లోనూ చూడలేదు. చూడకుండానే నేను మొండివాడినని పైకి ఒక కాగితం రాశాడు. ఆ కాగితం పుణ్యమా అని ఓవర్సీరుగా చేరినవాణ్ణి ఓవర్సీరుగానే ఇంటికి వచ్చాను. రోములో పరిచిన రాతిబాటల దగ్గర నుంచి మొన్నటి సిమెంటు రోడ్ల దాకా దొరికిన పుస్తకమల్లా చదివాను. చదివినందుకు ఒక్క మెట్టు ఎక్కలేదు. అరవై రెండేళ్ల వయసులో ఇక పోగొట్టుకునేది ఏమీ లేదు కనుక, నా బాట ఉందో లేదో నేనే చూసి రావాలని బయలుదేరాను. ఆ గుట్ట మీద మిషన్ వారి ఆసుపత్రి ఉంది. మన కర్నూలు వైపు నుంచి కూడా రోగులు వెళుతుంటారు కాబట్టి దారి వివరాలు రాస్తున్నాను.

మధ్యాహ్నం కర్నూలులో బండెక్కి, ద్రోణాచలంలో ఒకసారి, గుంతకల్లులో ఒకసారి మారితే మద్రాసు బండి తెల్లవారేసరికి ఎర్రగుంట్లలో దింపుతుంది. మూడో తరగతికి రెండు రూపాయల పైచిలుకు అయింది. గుంతకల్లులో మూడు గంటలు కాచుకోవాలి. ఈ వేసవిలో అక్కడి కుళాయి నీళ్లు తాగేటట్టు లేవు, కూజా తెచ్చుకోవడం మంచిది. ఎర్రగుంట్ల స్టేషను బయట ఆరున్నరకు వేంపల్లె బస్సు ఉంటుంది, పది అణాలు. యుద్ధం ముగిసినా పెట్రోలు ఇంకా చీటీల మీదే ఇస్తున్నారు కనుక అది బొగ్గు బస్సు. వెనక కట్టిన పొయ్యిలో బొగ్గు రాజుకుంటే గాని కదలదు. ఆరున్నర బస్సు ఏడుంబావుకు కదిలింది. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను.

"ఏం సామీ, కోటు బూట్లు ఏసుకోని ఇంత పొద్దున్నే యాడికి? పెండ్లికా?" అన్నాడు డ్రైవరు.

"రోడ్డు చూడటానికి."

"రోడ్డా! కూసోండి, ఇరవై మైళ్లు సూపిస్తా. కండ్లు మూసుకున్నా మీ నడుముకు తెలుస్తాది."

వెనక అందరూ నవ్వారు. బస్సు ఒక గుంతలో పడి లేచింది. "ఈ రోడ్డు ఏసిన మారాజు యాడున్నాడో, సల్లగుండల్ల!" అన్నాడు డ్రైవరు. ఎక్కడున్నాడో నాకు తెలుసు. మొన్ననే శాలువా కప్పించుకున్నాడు. నవ్వు వస్తుంటే కిటికీ వైపు తిరిగాను. ఆ రోజంతటిలో నాకు నవ్వు వచ్చింది అప్పుడొక్కసారే.

వేంపల్లెలో దిగేసరికి తొమ్మిదిన్నర. బస్టాండు దగ్గర ఉగ్గాని తిని, గుట్ట కింది చింతతోపు దాకా ఎద్దులబండి మాట్లాడుకున్నాను. మూడు మైళ్లు, ముప్పావలా. బండివాడి పేరు ఓబులేసు, నలభై ఏళ్లవాడు, ఊరికే ఉండలేని మనిషి. దారి పొడుగునా ఎండిన రేగడిచేలు. అరచేయి దూరేంత నెర్రెలు. చూసేవారికి గట్టి నేల అనిపిస్తుంది గాని, రెండు వానలు పడితే మోకాలిదాకా దిగబడుతుంది. నేను ఆ ప్రాంతంలో పనిచేసేటప్పుడు ఒక కాన్పు మనిషిని మంచం మీద ఆసుపత్రికి మోసుకుపోతూ బురదలో ఇరుక్కున్నారు. తల్లీ బిడ్డా ఆ మంచం మీదే పోయారు. ఆ మంచానికి ముందు కోడు పట్టినవాడు దావీదు. నా కింద మేస్త్రీ. పోయిన మనిషి అతని చెల్లెలు. ఆ తర్వాత దావీదు నన్ను నిద్రపోనివ్వలేదు. బండ్లకు కాదయ్యా, మనుషులకు ఒక దోవ కావాలని రోజూ వచ్చి అడిగేవాడు. ఆ బాట అట్లా మొదలైంది. చింతతోపు నుంచి ఆసుపత్రి గేటు దాకా మైలుంపావు పొడవు, నాలుగడుగుల వెడల్పు.

పదకొండుకు చింతతోపు చేరాం. బండి దిగి చూశాను. నా బాట ఉంది. నల్లగా, తిన్నగా, నిన్న వేసినట్టు గుట్ట దాకా పోతున్నది. గొడుగు కొనతో అంచులు పొడిచి చూశాను, ఊడలేదు. వంగి అరచేత్తో తడిమి, చుర్రుమంటే చేయి వెనక్కి తీసుకున్నాను. రెండు వైపులా రేగడి అడుగు లోతున నెర్రెలిచ్చింది గాని బాట మీద వెంట్రుకవాసి పగులు లేదు. అడుగున్నర రేగడి తవ్విపోసి, అడుగున ఏటి ఇసుక, దానిపైన ఎర్ర గరుసు, ఆపైన కంకర పరిచి, ప్రతి వరసా తడిపి దిమ్మిసలతో కొట్టి, అప్పుడు కాగిన తారు పోశాం. కింద రేగడి ఉబ్బినా కుంగినా ఆ ఇసుక సర్దుకుంటుంది, పైదాకా రానివ్వదు. అక్కడే నిలబడి ఇంజనీరుకు రాయబోయే ఉత్తరం మనసులో రాసుకున్నాను. ఎంతమంది ముందు చదివించాలో కూడా అనుకున్నాను.

"ఏమప్పా ఓబులేసూ, పన్నెండేండ్లయింది. ఒక్క పగులు చూపించు" అన్నాను.

"యాడిది పగిలేది సామీ! తొక్కితే గదా పగిలేకి" అన్నాడు ఓబులేసు.

అప్పుడు చూశాను. బాటకు కుడివైపు, కాలువ అవతల, సన్నటి మట్టిజాడ ఒకటి బాట వెంబడే పోతున్నది. మనిషి పాదమంత వెడల్పు. పాదాలు పడీ పడీ మెత్తటి పొడిలాగా అయింది. ఒక ఆడమనిషి చంకలో బిడ్డతో ఆ జాడన దిగి వస్తున్నది. పక్కనే నాలుగడుగుల తారుబాట ఖాళీగా ఉంటే, అడుగు ముందు అడుగు వేసుకుంటూ ముళ్ల మధ్య నడుస్తున్నది. కాళ్లకు చెప్పులు లేవు.

"ఎండాకాలం దీన్ని పెనందోవ అంటాం సామీ. పొద్దెక్కినాక దీనిమీద రొట్టె కాల్చుకోవచ్చు" అన్నాడు ఓబులేసు. "వానకాలం మాత్రం దేవుడిచ్చిన దోవ. ఆ నాలుగు దినాలూ దీన్ని పొగడని నోరు లేదు. ఈ పక్క వానలు ఎన్ని దినాలు పడ్తాయో నీకు తెల్దా?"

తెలుసు. ఇది కొత్తగా వింటున్న మాట కూడా కాదు. బాట సగం అయినప్పుడు, మార్చి నెల మిట్టమధ్యాహ్నం, దావీదు నలుగురు కూలి ఆడవాళ్లను పిలుచుకొచ్చి నా ముందు నిలబెట్టాడు. పాదాలు ఎత్తి చూపించమన్నాడు. అరికాళ్లు ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. "అయ్యా, మార్చికే ఇట్లుండాది. పైన సున్నపురాయి చూర చల్లి, మెత్తగున్నప్పుడే దిమ్మిస కొడదాం. తెల్లగుంటే ఇంత కాలదు" అన్నాడు. నేను బూట్లేసుకొని ఉన్నాను. ఎస్టిమేటులో సున్నపురాయి చూర లేదు. పైగా తనిఖీకి వచ్చేవారికి బాట నల్లగా నిగనిగలాడుతూ కనబడాలని నా ఆశ. వద్దన్నాను. మరునాడు నేను వచ్చేసరికి అతను పది గజాలు చూర చల్లించి కొట్టించాడు. కూలీల ముందు అవమానమనిపించింది. గీకించేశాను. అతన్ని పనిలోంచి తీసేసి, చెప్పినమాట వినడని, ఎక్కడా మేస్త్రీగా పెట్టుకోవద్దని నాలుగు ఆఫీసులకు రాశాను. ఇంజనీరు నా మీద రాసిన కాగితం నాకు కంఠతా వచ్చు. దావీదు మీద నేను రాసిన కాగితం ఆ చింతతోపులో నిలబడేదాకా ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

"దావీదు మేస్త్రీ ఎక్కడ ఉంటాడు?" అని అడిగాను.

"పోయిన మాఘంలో పోయినాడు గదా. ఆయప్ప పెండ్లాము ఆసుపత్రి కాడ ఉండాది. కరుణమ్మ. రోగుల వెంబడి వచ్చినోళ్లకు సంగటి చేసి పెడ్తాది."

నేను బూట్లతో తారుబాట మీద, ఓబులేసు పక్కన మట్టిజాడన నడిచాం. పైకెక్కడానికి ముప్పావు గంట పట్టింది. ఆసుపత్రి గేటు ఇంకొక ఫర్లాంగు ఉందనగా బాట రంగు మారింది. అక్కడి నుంచి బాట బూడిద తెలుపు. నిండా సున్నపురాయి చూర, తారులోకి దిగి పట్టుకొని ఉంది. నడిమి భాగం అరిగి కుంగింది. ఒకచోట అంచు విరిగితే మట్టితో పూడ్చారు, ఇంకొకచోట అతుకు మీద అతుకు వేశారు. అక్కడితో పక్కనున్న మట్టిజాడ ఆగిపోయింది. జనం బాట మీదే నడుస్తున్నారు. ఒక ముసలాయనను ఇద్దరు చెరొక రెక్క పట్టుకొని నడిపించుకొస్తున్నారు. ముగ్గురూ వట్టి కాళ్లే. నేను అంచుకు తప్పుకున్నాను.

గేటు పక్కన రేకుల పంచలో కరుణమ్మ సంగటి కెలుకుతున్నది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. "ఓర్సీరయ్యా! ముసిలోడివైపోతివే. కూసో, ఎండనబడి వచ్చినావు" అని పీట వేసింది. కొర్రసంగటి, చెనక్కాయల ఊరిబిండి పెట్టింది. దావీదు గురించి ఎట్లా అడగాలో తెలియక, ఆ చివరి ఫర్లాంగు ఎవరు వేశారని అడిగాను.

"ఇంగెవురేస్తారు? ఆయప్పే. వారమంతా కంకర కొట్టే కూలికి పోయేటోడు. ఆదివారం గుడి అయినంక గంపకు చూర ఎత్తుకోని వచ్చేటోడు. నడిమిపొద్దుకాడే తారు మెత్తబడ్తాది, అప్పుడు కొడ్తేనే పడ్తాదని, కాళ్లకు గోనెపట్ట సుట్టుకోని కొట్టేటోడు. నేను తిట్టేదాన్ని, సచ్చిపోతావురా మొగుడా అని. ఎండాకాలమంతా పదిబారలు కూడా అయ్యేది కాదు. పై నుంచి కింది దాకా తెల్లగ చేస్తానని మొదులుపెట్నాడు. దగ్గు ఎక్కువై పోయిన ఏడే నిలిపేసినాడు."

నేను సంగటి ముద్ద తళ్లెలో పెట్టేశాను. అన్నాను, "కరుణమ్మా, ఆయనకు మేస్త్రీ పని దొరక్కుండా రాసింది నేనే."

"తెలుసులే. సెప్పినమాట ఇనడని రాసినావంట గదా." ఆమె కుండ దించి మూత పెట్టింది. "నిజమే రాసినావు. ఇనలే. పన్నెండేండ్లూ ఇనలే."

"నన్నేమైనా అనేవాడా?"

"నిన్నా? ఏమనలే. అడుగున ఏసిన ఇసుక బాగ కుదిరిందని మాత్రం సెప్పుకునేటోడు."

ఆ ఇసుక నా ఆలోచన అని ఆఫీసు కాగితాల్లో రాశాను. మిత్రులకు చెప్పాను. నమ్మి నమ్మి చివరకు నేనే చదివి కనిపెట్టానని అనుకున్నాను. అది దావీదు చెప్పింది. వాళ్ల పల్లెలో రేగడినేలలో గోడ లేపేటప్పుడు పునాదిలో ఏటి ఇసుక పోసుకుంటారు. ఆ సంగతి కరుణమ్మకు చెప్పాను. "అట్లనా" అంది. ఇంకొక ముద్ద వేయబోయింది. వద్దన్నాను.

ఒంటిగంటకు తిరుగు ప్రయాణం. తెల్లచూర ఆగిపోయి నల్లతారు మొదలయ్యే చోట కూర్చొని బూట్లు, మేజోళ్లు విప్పాను. తెల్లబాట మీద నిలబడితే వేడిగా ఉంది గాని నిలబడగలిగాను. అక్కడి నుంచి నల్లబాట మీదికి అడుగు పెట్టాను. పదకొండు అడుగులు వేశాను. పన్నెండోది వేయలేక కాలువ దాటి మట్టిలోకి దూకి పడ్డాను. ఓబులేసు పరుగెత్తుకొచ్చి లేపాడు. "ఏమి పనిప్పా ఇది, ఈ వయసులో! బొబ్బలెక్కితే ఎవురు మోస్తారు నిన్ను?" అని గద్దించి, బండి దాకా నా బూట్లు తనే పట్టుకున్నాడు.

ఇంజనీరు రాసింది తప్పు. నల్లరేగడి మీద తారు నిలుస్తుంది. పన్నెండు వేసవులు నిలిచింది, ఇంకొక పన్నెండు నిలుస్తుంది. ఎవరైనా వెళ్లి కొలుచుకోవచ్చు. ఆ ఉత్తరం రాయడానికి మూడు రోజులు కూర్చున్నాను. రేగడి లోతు, ఇసుక మందం, తారు కాచిన తీరు అన్నీ ఆ బాట తాలూకు కాగితాల్లో ఉన్నాయి. దానిమీద నడిచేవారి కాళ్లకు ఏముంటుందని మాత్రం ఒక్కచోటా లేదు. ఆ కాగితాలు ఆయన ఆఫీసులో, నా ఆఫీసులో, ఆరుగురి చేతుల మీదుగా పోయాయి, ఆరుగురమూ బూట్లవాళ్లమే. అరిగిపోయిన ఆ ఒక్క ఫర్లాంగే బాట. తక్కిన మైలు నా పంతం. దావీదు పోయాడు కనుక క్షమించమని అడగడానికి మనిషి లేడు. ఈ వ్యాసం నకలు ఒకటి, పైన ఏ ఉత్తరమూ లేకుండా, ఇంజనీరుకు పంపుతున్నాను. ఇసుక ఎవరిదో ఆయనకు కూడా తెలియాలి.

ఆ ఆసుపత్రికి వెళ్లేవారికి ఒక మాట. వేసవిలో ముందురోజే వచ్చి వేంపల్లెలో బసచేసి, ఎనిమిది గంటలలోపు చింతతోపు దాటండి. ఆలస్యమైతే, కాళ్లకు చెప్పులున్నవారు తారుబాట మీదే నడవండి. పక్కనున్న మట్టిజాడ ఒక్కరికే చాలుతుంది. అది చెప్పులు లేనివారికి వదిలేయండి.